'గుణింతం' కాస్తా 'గు9ంతం' అయిపోతే... బ్రెయిల్ ఎడిటర్ చెయ్యడంలో అసలు చిక్కులు

బ్రెయిల్ సాఫ్ట్‌వేర్ (తెలుగు మాటల్ని చుక్కల్లోకి, చుక్కల్ని తెలుగులోకి మార్చి దిద్దుకునే ఎడిటర్) అనగానే కాస్త ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్ళకి ఎవరికైనా ముందు తోచేది ఒకటే, ఒక పక్క అక్షరం ఇంకో పక్క చుక్కలు, మధ్యలో ఒక టేబుల్, అంతేగా, ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే సాయంత్రం టీ టైముకి అయిపోద్ది అని. నాకూ అలాగే తోచింది. నిజంగానే టీ టైముకి అయిపోయింది కూడా. 'కలం' అని కొడితే క, ల, సున్న, మూడు గళ్ళు చక్కగా వచ్చాయి. తర్వాత 'అమ్మ' అని కొట్టా. తప్పొచ్చింది. తెలుగు ఎడిటర్‌లో అమ్మే తప్పు వస్తే ఇంకేముంది, అక్కణ్ణుంచి మొదలైంది కథ.

ముందు బ్రెయిల్ గురించి రెండు ముక్కలు, తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయొచ్చు. ఒక గడిలో ఆరు చుక్కలకి చోటుంటుంది, ఎడమ వరసలో పైనుంచి కిందికి 1, 2, 3, కుడి వరసలో 4, 5, 6. ఏవి లేచాయి ఏవి లేవలేదు అన్నదాన్ని బట్టి 63 ఆకారాలు, ఖాళీ గడితో కలిపి 64. లూయీ బ్రెయిల్ 1829లో పుస్తకంగా వేసిన పద్ధతికి మూలం ఈ ఆరు చుక్కలే. మన భాషలకి 1951లో భారతి బ్రెయిల్ ఖాయమైంది. దీంట్లో అందం ఏంటంటే లిపితో పని లేదు, శబ్దంతోనే పని, తెలుగు క అయినా హిందీ క అయినా ఇంగ్లీషు కె అయినా ఒకటే గడి, 1-3 చుక్కలు. గుణింతాలకి వేరే గుర్తుల్లేవు, 'కి' రాయాలంటే క రాసి పక్కన ఇ రాయడమే. తలకట్టూ గుడీ కొమ్మూ ఏమీ లేవు, పైనా కిందా ఏదీ తగిలించరు, అన్నీ బుద్ధిగా ఒకే వరసలో నడుస్తాయి.

ఒత్తు దగ్గరే అడ్డం తిరుగుతుంది. 'అమ్మ' అనేది కంప్యూటర్ లోపల యూనికోడ్‌లో అ, మ, పొల్లు, మ అని ఉంటుంది, అంటే పొల్లు గుర్తు రెండు మ-ల మధ్యలో ఉంది. బ్రెయిల్‌లో ఆ పొల్లు 4వ చుక్క, అది మధ్యలో కాదు, అచ్చు పోగొట్టుకునే హల్లుకి ముందే వచ్చి కూర్చుంటుంది, అంటే అ, 4వ చుక్క, మ, మ. చదివే వేలికి ఇది ముందస్తు కబురు లాంటిది, రాబోయే హల్లు పొట్టిగా పలకాలి అని. నా టేబుల్ పాపం పొల్లుని ఉన్నచోటే ఉంచేసింది, వేలితో చదివితే అది 'అమమ్'. 'స్త్రీ' అయితే 4వ చుక్క, స, మళ్ళీ 4వ చుక్క, త, ర, ఈ, మొత్తం ఆరు గళ్ళు, కంటికి కనపడేది మాత్రం ఒక్క అక్షరం. పైగా క్ష, జ్ఞ ఈ రూల్‌లోకి రావు, వాటికి సొంత గళ్ళున్నాయి, కాబట్టి వాటిని ముందే పట్టుకుని పక్కన పెట్టాలి. ఇదంతా మరీ కష్టమేం కాదు, ఓ పూట పని. లిబ్లూయీ అని అక్షరాల్ని బ్రెయిల్ గళ్ళలోకి మార్చిపెట్టే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది, ఎన్వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లు (తెర మీదున్నది గొంతుతో చదివి వినిపించే ప్రోగ్రాములు) కూడా బ్రెయిల్ డిస్‌ప్లేకి (చుక్కలు లేచి దిగే పరికరం) దాన్నే వాడతాయి, దాంట్లో తెలుగు టేబుల్ కూడా ఉంది, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు అక్కడ మొదలుపెట్టడం మంచిది, నాలాగ ఆదివారం పాడు చేసుకోకుండా.

అచ్చు (అంటే ఇక్కణ్ణుంచి ప్రింటు అక్షరాలు) నుంచి చుక్కలకి వెళ్ళే దారి ఇంత. చుక్కల నుంచి అచ్చుకి వెనక్కి రావడమే గొడవ, ఎడిటర్ అన్నాక ఆ దారి కూడా కావాలి కదా, పిల్లాడు బ్రెయిల్‌లో రాస్తే చూపున్న టీచర్ చదవాలి. ణ కి గడి 3-4-5-6 చుక్కలు. అంకెల ముందు పెట్టే గుర్తు కూడా అదే 3-4-5-6. అంకెలకి విడిగా ఆకారాల్లేవు, ఇంగ్లీషు ఎ నుంచి జె దాకా పది అక్షరాల్నే అంకెల గుర్తు తర్వాత అంకెలుగా చదువుతారు, 2-4 చుక్కలు ఇంగ్లీషులో ఐ, తెలుగులో ఇ, అంకెల గుర్తు తర్వాత వస్తే 9. ఇప్పుడు ణ పక్కన ఇ పెట్టండి. 'ణి' అన్నా '9' అన్నా అవే రెండు గళ్ళు, చుక్క తేడా లేదు. రాణి 'రా9' అవుతుంది, గుణింతం 'గు9ంతం' అవుతుంది, 'గణగణ'లో గంట మోగే బదులు ఏడు అంకె మోగుతుంది.

మనుషులకి ఈ ఇబ్బంది ఎప్పుడూ రాదు, రాణి అని చదువుతూ 9 అని ఎవరూ ఆగరు. కంప్యూటర్‌కి చెప్పాలి. తెలుగులో ణ తో మొదలయ్యే మాట వెతికినా దొరకదు కాబట్టి మాట మొదట్లో వస్తే అంకెల గుర్తు, తెలుగు అక్షరం వెనకే వస్తే ణ, ఈ ఒక్క రూల్‌తో చాలావరకు గట్టెక్కుతాం. అంతలోనే 'జీ20' అని ఒకడు రాస్తాడు. అదీ కాక మనం ఫోన్లో టైప్ చేసేటప్పుడు '9గంటలకి' అని ఖాళీ లేకుండా కొట్టేస్తాం చూడండి, గ గడి కూడా ఆ పదిలోదే, 7 అదే, దాంతో బ్రెయిల్‌లో వేలికి తగిలేది 97 ఆ తర్వాత నిండు సున్న (ం), ట. '5గురు' అన్నది 57 అయిపోతుంది. ఇలాంటి చోట సాఫ్ట్‌వేర్ గప్‌చుప్‌గా ఏదో ఒకటి చేసెయ్యకూడదు, 'ఇక్కడ అంకె పక్కన అక్షరం అంటుకుంది, మధ్యలో ఖాళీ పెట్టనా' అని అడగాలి. కొత్తవాళ్ళ కోసం చేసే సాఫ్ట్‌వేర్ అంటే అన్నీ దాచేసేది అనుకుంటారు చాలామంది, నేనొప్పుకోను, తప్పు జరగబోయే చోట నోరు విప్పేదే మంచి సాఫ్ట్‌వేర్.

బీఆర్ఎఫ్ ఫైల్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. బ్రెయిల్ ఫైళ్ళు ఎక్కువగా తిరిగేది ఈ రూపంలోనే, ఎంబాసర్లు అంటే కాగితం మీద చుక్కలు పొడిచే ప్రింటర్లు దీన్ని తీసుకుంటాయి. దాంట్లో 64 ఆకారాలకి 64 మామూలు కీబోర్డు గుర్తులు కేటాయించారు, అంతే, ఏ భాష అనేది ఎక్కడా రాసి ఉండదు. 'రాముడు' అని సేవ్ చేసి నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఆర్, గ్రేటర్ దన్ గుర్తు, ఎం, యు, డాలర్ గుర్తు, యు అని కనపడుతుంది. తొలిసారి చూసినవాళ్ళు ఫైల్ కరప్ట్ అయ్యిందని డిలీట్ చేసేస్తారు. అది తెలుగో హిందీయో ఇంగ్లీషో ఆ ఫైల్‌కి తెలీదు, గుర్తున్నది మనకే. అందుకే ఎడిటర్ తన సొంత ఫైల్‌లో అసలు తెలుగు టెక్స్ట్‌ని దాచుకోవాలి, బీఆర్ఎఫ్ ప్రింట్ కోసం బయటికి పంపే కాపీ మాత్రమే. ఆ కాపీనే అసలు అనుకుని పని చేస్తే ఆర్నెల్ల తర్వాత ఒక స్పెల్లింగ్ దిద్దడానికి మళ్ళీ మొదటినుంచి టైప్ చేసుకోవాలి.

ఇంతకీ కొత్తవాళ్ళు అంటే ఎవరు? ఇది తేల్చుకోకుండా స్క్రీన్లు గీయడం మొదలుపెడితే ఎవరికీ పనికిరానిది తయారవుతుంది. చూపు లేని పదేళ్ళ పిల్ల ఉంది, బ్రెయిల్ మంచినీళ్ళ ప్రాయం, కంప్యూటర్ కొత్త. ఆ పిల్ల అమ్మ ఉంది, ఫోన్లో తెలుగు టైప్ చేస్తుంది, బ్రెయిల్‌లో అ అంటే ఏంటో తెలీదు, పాపకి స్కూల్లో ఇచ్చిన పద్యం రేపటికి చుక్కల్లో కావాలి. షుగర్ వల్లో ఇంకో దానివల్లో నలభై దాటాక చూపు పోయిన మనిషి ఉన్నాడు, తెలుగు బాగా వచ్చు, కంప్యూటర్ వచ్చు, వేళ్ళకే ఇంకా చుక్కలు పట్టుబడలేదు. ముగ్గురూ కొత్తవాళ్ళే, ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలీదు.

ఈ ముగ్గుర్నీ చూశాకే నాకు అర్థమైంది ఏంటంటే బ్రెయిల్ డాక్యుమెంట్ అనేది ఒకటి కాదు, మూడు. మాటలు ఒకటి, చుక్కలు ఒకటి, పేజీ ఒకటి. అమ్మ మాటల్లో పని చేస్తుంది, పిల్ల చుక్కల్లో పని చేస్తుంది, ప్రింట్ తీసే టీచర్ పేజీలో పని చేస్తుంది. ఇప్పుడు నేను మారుస్తున్నది ఈ మూడిట్లో ఏది అన్నది ఎప్పుడూ తెలుస్తూ ఉండాలి, ఒకటి మారిస్తే మిగతా రెండూ ఏమయ్యాయో తెలియాలి. మిగతా చిక్కులన్నీ దీంట్లోంచి పుట్టినవే.

ఉన్న సాఫ్ట్‌వేర్లు దీన్ని రకరకాలుగా చూసుకుంటాయి. అమెరికాలో 1975 నుంచి ఉన్న డక్స్‌బరీ వాళ్ళ ట్రాన్స్‌లేటర్‌లో ప్రింట్ డాక్యుమెంట్ వేరు, దాన్ని ట్రాన్స్‌లేట్ చేస్తే పుట్టే బ్రెయిల్ డాక్యుమెంట్ వేరు, రెండూ రెండు ఫైళ్ళు. అనుభవం ఉన్న ప్రెస్ వాళ్ళకి అది హాయి. కొత్తమ్మాయి అయితే బ్రెయిల్ ఫైల్‌లో నాలుగు చోట్ల దిద్ది, తర్వాత ప్రింట్ ఫైల్‌లో ఒక లైను కలిపి, మళ్ళీ ట్రాన్స్‌లేట్ కొడితే ఆ నాలుగు దిద్దుబాట్లూ కొత్త ఫైల్లో ఉండవు. అమెరికన్ ప్రింటింగ్ హౌస్ వాళ్ళు ఉచితంగా ఇచ్చే బ్రెయిల్‌బ్లాస్టర్ ప్రింటూ బ్రెయిలూ పక్కపక్కనే చూపిస్తుంది, ఇది మేలు, కాకపోతే అది అక్కడి పాఠ్యపుస్తకాలు తయారు చేసేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసింది, పద్యం ఒక్కటి కావాల్సిన అమ్మకి ఆ మెనూలు చూస్తేనే కళ్ళు తిరుగుతాయి.

నాకు సరైనది అనిపించేది ఇలా ఉంటుంది. అసలు సరుకు ఎప్పుడూ మాటలే. చుక్కలు వాటినుంచి అప్పటికప్పుడు పుడతాయి. ఎవరైనా చుక్కల్లో చెయ్యి పెట్టి మారిస్తే రెండు దారులు, ఆ మార్పుని మాటల్లోకి తిప్పగలిగితే మాటే మారిపోవాలి, తిప్పలేకపోతే 'ఈ మాట చుక్కలు ఇలాగే ఉంచు' అని ఆ మాటకి ఒక ముడి వెయ్యాలి. ముడి మాటకి వెయ్యాలి, 14వ లైను 6వ గడికి కాదు, ఎందుకంటే పైన ఒక పేరా కలిపితే ఆ మాట 18వ లైనుకి పోతుంది, ముడి ఇంకెవరి మెడకో పడుతుంది. ఉదాహరణకి పిల్ల 'అమ్మ'లో 4వ చుక్క మీద నిలబడి డిలీట్ కొట్టిందనుకోండి, అచ్చు వైపు వెంటనే 'అమమ' కావాలి, కంప్యూటర్ గొంతు కూడా 'పొల్లు పోయింది, అమమ' అని చెప్పాలి, ఊరికే టిక్‌మని సౌండ్ చేస్తే పిల్లకి ఏం తెలుస్తుంది. ఇంకోటి, ఏ గడి మీదైనా కర్సర్ పెట్టి ఒక కీ నొక్కితే 'ఇది ఎందుకు ఇలా ఉంది' అనేదానికి జవాబు రావాలి, 4వ చుక్క, పొల్లు, తర్వాతి మ కోసం అని. అమ్మకి బ్రెయిల్ నేర్పే టీచర్ ఇదే, క్లాసుకి వెళ్ళక్కర్లేదు.

కర్సర్ అన్నా కాబట్టి, ఇందాకటి 'స్త్రీ' మళ్ళీ తీద్దాం. అచ్చులో కుడి బాణం ఒక్కసారి కొడితే మొత్తం దాటేస్తుంది, బ్రెయిల్‌లో ఆరు సార్లు కొట్టాలి. రెండు కిటికీలు పక్కపక్కన ఉంటే ఒకదాంట్లో కర్సర్ కదిలితే రెండోదాంట్లో ఎక్కడ నిలబడాలి? లిబ్లూయీ ప్రతి అక్షరం ఏ గడిగా మారింది, ప్రతి గడి ఏ అక్షరం నుంచి వచ్చింది అని రెండు వైపుల లెక్కా ఇస్తుంది, దాన్ని వాడుకుని అచ్చులో మొత్తం అక్షరం మీద రంగు వెయ్యడం, బ్రెయిల్‌లో ఆ ఒక్క గడి మీద నిలబడ్డం నాకు కుదిరింది. చదవడానికి చిన్న విషయంలా ఉంటుంది, రెండు వారాలు తినేసింది.

ఇక టైప్ చెయ్యడం. బ్రెయిల్ తెలిసిన పిల్లలకి అలవాటైంది పెర్కిన్స్ బ్రెయిలర్, ఇది కూడా 1951లోనే వచ్చింది, ఆరు చుక్కలకి ఆరు మీటలు, ఒకేసారి నొక్కితే ఒక గడి. కంప్యూటర్ కీబోర్డు మీద దాన్ని ఎఫ్, డి, ఎస్ కీలకి 1, 2, 3 చుక్కలు, జె, కె, ఎల్ కీలకి 4, 5, 6 చుక్కలుగా వాడతారు. డక్స్‌బరీ వాళ్ళ ఉచిత ప్రోగ్రామ్ పెర్కీ డక్ కూడా ఇంతే. ఇక్కడ చూపున్న ప్రోగ్రామర్‌కి అస్సలు తట్టని విషయం ఒకటుంది, చవక కీబోర్డులు ఆరు కీలు ఒకేసారి నొక్కితే అన్నిట్నీ పట్టుకోవు, మధ్యలో ఒకటి రెండు మింగేస్తాయి. ఢ అంటే ఆరు చుక్కలూ కావాలి, కీబోర్డు ఒకటి మింగితే ఇంకో అక్షరం పడుతుంది, పిల్ల తన వేలిదే తప్పనుకుంటుంది. కాబట్టి మొదటిసారి ప్రోగ్రామ్ తెరవగానే 'ఆరు కీలూ కలిపి ఒకసారి నొక్కు' అని అడిగి, పడకపోతే 'నీ తప్పు కాదు, ఈ కీబోర్డుకి చేతకాదు, వేరే కీలు పెడదాం' అని చెప్పాలి. నేను చూసిన స్కూల్ కంప్యూటర్లలో ఈ పరీక్ష పాసైన కీబోర్డులు తక్కువే.

గడి ఎప్పుడు పూర్తయినట్టు? అన్ని వేళ్ళూ లేచాక. చిన్నపిల్లల వేళ్ళు ఒకేసారి దిగవు, ఒకేసారి లేవవు, కాబట్టి మొదటి వేలు దిగినప్పట్నుంచి ఆఖరి వేలు లేచేదాకా తగిలిన చుక్కలన్నీ కలిపి ఒక గడి కట్టాలి, టైమర్ పెట్టి ఇన్ని మిల్లీసెకన్లు అంటే నెమ్మదిగా రాసేవాళ్ళని శిక్షించినట్టే. ఒక చేత్తో రాసేవాళ్ళకి చుక్కలు ఒక్కొక్కటిగా కొట్టి స్పేస్‌తో ముగించే పద్ధతి ఉండాలి. అన్నిటికన్నా నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది మళ్ళీ ఆ 4వ చుక్కే. 'ప్ర' రాయడానికి పిల్ల ముందు 4వ చుక్క కొడుతుంది, ఆ క్షణంలో అచ్చులో చూపించడానికి ఏమీ లేదు, హల్లు ఇంకా రాలేదు కదా, దాంతో నా ప్రోగ్రామ్ నోరు మూసుకుంది. ఏమీ వినపడకపోయేసరికి పడలేదనుకుని మళ్ళీ కొట్టింది, ఇంకోసారి కొట్టింది. మూడు పొల్లులు. ఇప్పుడు అది కొట్టగానే గొంతు పలుకుతుంది. స్క్రీన్ రీడర్ కూడా ఎఫ్ జె అని నొక్కిన కీల పేర్లు చదవకూడదు, పుట్టిన అక్షరాన్ని చదవాలి, క తర్వాత ఇ కొడితే ఇ అని కాదు, 'కి' అని.

అమ్మ వైపు నుంచి వచ్చే కష్టాలు వేరే. ఆవిడకి టెక్స్ట్ ఎక్కణ్ణుంచో వస్తుంది, వాట్సాప్ నుంచి అయితే సరే, డీటీపీ సెంటర్‌లో కొట్టిన ప్రశ్నపత్రం అయితే అది యూనికోడ్ కాదు, అను లాంటి పాత ఫాంట్లలో ఉంటుంది, కంటికి తెలుగే గాని లోపల ఇంగ్లీషు గుర్తుల పిచ్చి కలగాపులగం. పేస్ట్ చేస్తే వచ్చే చుక్కలకి అర్థమే ఉండదు, బ్రెయిల్ తెలీని అమ్మకి ఆ సంగతే తెలీదు, అన్నీ చుక్కలే కదా. సాఫ్ట్‌వేర్ ఇది పసిగట్టి ముందే ఆపాలి. ఇంకోటి కంటికి కూడా కనపడదు, 'సాఫ్ట్‌వేర్' అనే మాటలో ట్ కింద వ ఒత్తు పడకుండా ఆపడానికి ఒక కనపడని గుర్తు ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అని. లిబ్లూయీకి తెలీని గుర్తు ఎదురైతే మామూలుగా దాని కోడ్ నంబర్‌ని యథాతథంగా చుక్కల్లో దించేస్తుంది. నేను మొదట తీసిన పేజీలో ప్రతి 'సాఫ్ట్‌వేర్' మధ్యలో ఒక పొడుగాటి చెత్త దిగింది, అప్పటికి పది కాగితాలు అయిపోయాయి.

పేజీ గురించి ఎక్కువ చెప్పను. పెద్ద బ్రెయిల్ కాగితం మీద లైనుకి 40 గళ్ళు, పేజీకి 25 లైన్లు అనేది బాగా వాడుకలో ఉన్న కొలత, ఒక్కో గడికి ఆరు మిల్లీమీటర్ల చోటు పోతుంది కాబట్టి ఎ4 మీద మార్జిన్ పోగా ముప్ఫై చిల్లర పడతాయి. సాఫ్ట్‌వేర్ గళ్ళెన్ని అని అడగకూడదు, ఏ కాగితం అని అడగాలి. పాఠ్యపుస్తకం అయితే అచ్చు పుస్తకం పేజీ నంబర్ కూడా బ్రెయిల్‌లో వెయ్యాలి, క్లాసులో టీచర్ '37వ పేజీ తియ్యండి' అన్నప్పుడు బ్రెయిల్‌లో అది ఎనభయ్యో తొంభయ్యో పేజీ అయి ఉంటుంది. లెక్కలకి నెమెత్ కోడ్ అని ఇంకో ప్రపంచమే ఉంది, మొదటి వెర్షన్‌లో దాని జోలికి పోకపోవడమే మంచిది, సగం సగం చేస్తే పరీక్షలో పిల్లల మార్కులు పోతాయి.

ఎంబాసర్ ధర లక్షల్లో ఉంటుంది, ఇంట్లో ఎవరికుంటుంది. ఇంట్లో ఉండేది స్లేటూ (కాగితాన్ని బిగించే గళ్ళ పలక) స్టైలసూ (పొడిచే మొన). స్టైలస్‌తో కాగితం వెనక నుంచి పొడుస్తారు, తిప్పితే చుక్క పైకి లేస్తుంది, అందుకని కుడి నుంచి ఎడమకి, ప్రతి గడీ అద్దంలో చూసినట్టు తిరగేసి రాయాలి. స్క్రీన్ మీద చూసింది చూసినట్టు అమ్మ పొడిచేస్తే ప కాస్తా థ అవుతుంది, ఇ ఏ అవుతుంది. కాబట్టి నేను పెట్టిన ఒక బటన్ 'స్లేటు కోసం చూపించు', అది పేజీ మొత్తాన్ని అద్దంలో బొమ్మలా తిప్పి, కుడి నుంచి ఎడమకి, పెద్ద చుక్కలతో చూపిస్తుంది, ఫోన్ పక్కన పెట్టుకుని చూస్తూ పొడుచుకోవచ్చు. రాయడానికి పట్టింది గంట, జనం ఎక్కువ వాడింది అదే, ఏం చేస్తాం.

అన్నీ అయ్యాక బ్రెయిల్ చెప్పే ఒక టీచర్ గారి దగ్గరికి తీసుకెళ్ళా. ఆవిడకి చూపు లేదు, నేను మానిటర్ ఆపేసి, నాకూ ఏం కనపడకుండా కూర్చున్నా. స్క్రీన్ రీడర్ 'బటన్, బటన్, బటన్' అంది. 'ఏ బటన్ బాబూ?' అన్నారావిడ. బొమ్మలు పెట్టా గాని వాటికి పేర్లు పెట్టలేదు. ఆ రాత్రే అన్నిటికీ పేర్లు పెట్టేశా. 4వ చుక్క దగ్గర మాత్రం ఇంకా తేలలేదు, నేను 'పొల్లు' అని పలికిస్తుంటే ఆవిడ 'మా పిల్లలు ఒత్తు అంటారు, పొల్లు అంటే వాళ్ళకి ఏం తెలుస్తుంది' అన్నారు, వారం తర్వాత ఇంకో టీచర్‌కి చూపిస్తే 'ఒత్తు ఏంటండీ, హలంత్ కదా' అన్నారు. ప్రస్తుతానికి సెట్టింగ్స్‌లో మూడూ పెట్టా.